ముగ్గు మేజోళ్ళు

మేజోళ్ళ మాట యెత్తగానే మన సోదరీమణులలో పెక్కుమంది నవ్వుదురు. నేల కాలుచున్నను చెప్పులు గుమ్మము వెలుపలనే విడుచు దేశము మనది. బడికి పోవు పిల్లలకును, కచేరీలకు పోవు పురుషులకును మేజోళ్ళు చెల్లును గాని, ఇంటిపట్టున నుండు ముసలివారి కవి యేల యని యడుగుదురు. ఈ ప్రశ్నకు మా సమాధానము మన్యపు చలియు, మధుమేహమును. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, లంబసింగి ప్రాంతములను శీతకాలమున చూచినవారికి ఆ చలిని గూర్చి చెప్ప నక్కఱలేదు. బడి కొలువు మూలమున మే మా ప్రాంతమున కాపురము పెట్టి యేడేండ్లయినది. మా అత్తగారికి మధుమేహము వచ్చి యిరువదియేండ్లు దాటినది.

ఈ వ్యాధి ముదిరిన కొలదిని పాదములందలి నరములు మొద్దుబాఱి, వేడియు, చలియు, నొప్పియు తెలియకుండ పోవునని యిప్పుడు చాలమంది యెఱుగుదురు. ఎఱుగుట వేఱు, కన్నులార చూచుట వేఱు. గత మాఘమాసమున నొకనాటి సాయంకాలము అత్తగారు కుంపటియొద్ద కాళ్ళు చాపికొని మాతో ఊరగాయల ముచ్చట చెప్పుచుండిరి. చెప్పుచుండగనే కుడికాలి బొటనవ్రేలి క్రింద బొబ్బ లేచినది. ఆమె మాట ఆగలేదు, కనుబొమ్మ ముడిపడలేదు. "మామ్మా, నీ కాలు!" అని మా చిన్నది కేక వేయువఱకు ఆమెకు తెలియలేదు. ఆ పుండు మానుటకు రెండు నెలలు పట్టినది.

వైద్యుడు నియమములు చెప్పెను. ఇంటిలోనైనను ఒట్టికాళ్ళతో నడువరాదు. కుంపటిగాని వేడినీళ్ళ సీసాగాని పాదముల దరికి రారాదు. ప్రతి రాత్రి అరికాళ్ళును, వ్రేళ్ళ సందులును పరీక్షింపవలెను. మేజోళ్ళు తొడిగినచో అవి బిగుతు లేనివి, లోపల కుట్టు గట్టు లేనివి, తెల్లనివి కావలెను. తెలుపే యేల యనగా, పుండు చెమ్మగిల్లినను, నెత్తురు చిమ్మినను ఆ మచ్చ అప్పుడే కంటబడును. నొప్పి చెప్పలేని పాదమునకు మేజోడే నోరు కావలెనన్నమాట.

అంగడినుండి రెండు జతలు తెప్పించితిమి. ఒకదాని పైయంచున రబ్బరు పట్టీ పిక్కమీద గాడి పడునట్లు బిగించెను. రెండవదానికి వ్రేళ్ళకొనయందు గట్టు కుట్టు. మేము ఊలు అల్లిక నెఱుగని వారము కాము. పసివారి టోపీలు, స్వెట్టరులు అల్లినవారమే. కావున గట్టులేని తెల్ల మేజోళ్ళు మేమే అల్లెదమని చెప్పితిమి. అందులకు అత్తగారి జవాబు: "ఆసుపత్రి గుడ్డల్లాంటివి నేను తొడగనమ్మాయీ. అవి తొడుక్కుంటే రోగం ఉన్నదని రోజూ నా కాళ్ళే నాకు చెబుతాయి."

ఆ మాటను త్రోసిపుచ్చుటకు మాకు నోరు రాలేదు. ఏబదియేండ్లు ప్రతి తెల్లవాఱుజామున వాకిట ముగ్గు పెట్టిన చేయి ఆమెది. ఇప్పుడు మోకాళ్ళు వంగవు. ముగ్గుపిండి డబ్బా గూటిలో నున్నది, వాకిలి మా వంతునకు వచ్చినది. ఆమె కిటికీలో కూర్చుండి, మేము పెట్టిన ముగ్గునందు వంకరలు లెక్కపెట్టుచుందురు. ఆ ముగ్గులలో నొకదానిని మేజోటిమీదికి దింపినచో తొడుగుకొనక పోవుదురా యని మాకు తోచినది. తెల్ల మేజోడు వైద్యునికి, ముగ్గు అత్తగారికి.

రెండు రంగుల మేజోళ్ళు క్రొత్త సంగతి కాదు. ఈజిప్టుదేశమున దొఱకిన మిక్కిలి ప్రాచీనమైన అల్లికలలో నీలిమందు రంగు వేసిన నూలును తెల్ల నూలును కలిపి అల్లిన మేజోళ్ళు కలవు. అవి రమారమి 11వ శతాబ్దినుండి 14వ శతాబ్ది లోపలివి. నార్వేలోని సెల్బు అను పల్లెలో మారిట్ ఎమ్‌స్టాడ్ అను పడుచు 1857లో నలుపు తెలుపు దారములతో చేతితొడుగులపై నక్షత్రపు పువ్వు నల్లినది. ఆ పువ్వు ఆ సీమకంతటికిని గుర్తైనది. మన దేశమునందే హిమాలయములలో లాహౌలు స్త్రీల రంగురంగుల మేజోళ్ళు ప్రసిద్ధములు. 19వ శతాబ్దిలో కేలాంగునందుండిన మొరేవియను మిషనరీ భార్య మారియా హైడె అక్కడి స్త్రీలకు అల్లిక నేర్పినది. ఆ మేజోళ్ళకును చేతితొడుగులకును 2021లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. మన నరసాపురము లేసునకు కొంకిసూది చాలును. మేజోటికి రెండువైపుల మొనలున్న పుల్లలైదు కావలెను. నాలుగు పుల్లలు కుట్లను మోయును, ఐదవది అల్లును.

ఇంక ముగ్గు సంగతి. మేము మొదట ఆమె పేరుమోసిన మెలికల ముగ్గును కాగితముమీద గీచి చూపితిమి. అత్తగారు కాగితమును, అల్లిక తునకను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచిరి. "దీనిలో అన్నీ గళ్ళే. మెలిక తిరగడానికి చోటేదీ? చుక్కలు కలిపే ముగ్గు పట్టుకో" అనిరి. అల్లిక సూది నెన్నడు పట్టనివారికి ఆ కీలకము ఒక్క చూపున తెలిసినది. వంపు గీతలను కుట్లు మోయలేవు, మెట్లుమెట్లుగా విఱుగును. చుక్కలు, ఏటవాలు గీతలు, చిన్న పువ్వులు మాత్రమే నిలుచును.

పద్మమును పెట్టెదమంటిమి. "పద్మం కాళ్ళకా!" అని ఆమె చెవులు మూసికొనిరి. ముగ్గునే త్రొక్కరాదని పిల్లలను ప్రక్కనుండి నడిపించు ఇంట, లక్ష్మీదేవి కూర్చుండు పువ్వును కాళ్ళకు తొడుగుట యెట్లు? మఱి ముగ్గేదైనను మేజోటిపై పనికివచ్చునా యను సందేహము మాకును కలిగినది. దీనిని గూర్చి రెండు దినములు వాదము నడచినది. తుదకు తీర్పు ఆమెయే చెప్పిరి. పెండ్లికూతురి పాదములకు పారాణి పెట్టుట లేదా? దానిలో చుక్కలు, గీతలు లేవా? కాలికి అలంకారము తగనిది కాదు, అరికాలి క్రింద పడరాదు, అంతే. కావున ముగ్గు చీలమండకు పైన, పట్టీలు పెట్టుకొను చోటికి ఎగువను ఉండవలెను. పాదము తెల్లగా వదలివేయవలెను. పువ్వు ఆఱురేకులది, ఏ పువ్వని యడుగరాదు. "ముగ్గు పువ్వు" అనిరి.

ఈ తీర్పును మేము మనసులో మెచ్చుకొంటిమి, ఏలయన అల్లిక శాస్త్రమును అదే చెప్పుచున్నది. రెండు రంగులతో అల్లునప్పుడు పనిలోలేని దారము వెనుకప్రక్క తేలుచు పోవును. ఆ తేలు దారములు మేజోటి లోపలివైపున నుండును. తిమ్మిరిపాదపు వ్రేలు ఆ దారములో చిక్కుకొన్నచో, లాగుచున్నది తెలియదు, నెత్తురాడక నల్లబడినను తెలియదు. కావున పాదభాగమున రెండవ రంగు దారమే యుండరాదు. ఆచారమును వైద్యమును ఒకేచోట గీత గీచినవి.

అత్తగారు పలికిన ముగ్గు, "7 చుక్కలు, 4 వచ్చువఱకు, సందు చుక్క." నడుమ వరుసకు 7, దానికి పైన క్రింద 6, తరువాత 5, తరువాత 4, మొత్తము 37 చుక్కలు. దీనిని గళ్ళకాగితముమీదికి తెచ్చుటకు చుక్కకు చుక్కకు నడుమ నొక గడి విడిచితిమి. 7 చుక్కలు 13 గళ్ళలో పట్టినవి. చుక్కల వరుసకును వరుసకును నడుమ కూడ నొక వరుస విడిచితిమి. ఎత్తును 13 వరుసలే.

ఇక్కడ నొక చిక్కు గలదు, దీనిని కొంచెము నిదానముగా చెప్పెదము. కాగితముమీది గడి చతురస్రము, అల్లికలోని కుట్టు చతురస్రము కాదు. మా దారముతో, 2.25 మిల్లీమీటర్ల పుల్లలమీద, ఒంటిరంగున అల్లిన తునకలో అంగుళమునకు అడ్డముగా 8 కుట్లు, నిలువుగా 11 వరుసలు వచ్చినవి. అనగా కుట్టు వెడల్పెక్కువ, పొట్టి. కాగితముమీద నిండుగా నున్న పువ్వు కాలిమీదికి వచ్చుసరికి దానిపై నెవరో పీట వేసికొని కూర్చున్నట్లు అణగిపోవును. కాని రెండు రంగుల తునకను వేఱుగా అల్లి కొలిచితిమి. వెనుక తేలు దారము కుట్లను దగ్గఱకు లాగుటచే, అందు అంగుళమునకు 9 కుట్లు, 10 వరుసలు వచ్చినవి. మావారు లెక్కల మాస్టరు గనుక పెన్సిలు తీసికొని, సందు చుక్కల ముగ్గునందు ఆఱు రేకులు సమముగా రావలెనన్న వెడల్పు నూఱు పాళ్ళుండగా ఎత్తు 87 పాళ్ళు కావలెననియు, ఒంటిరంగు లెక్కన 73 పాళ్ళే వచ్చుననియు, రెండు రంగుల లెక్కన 90 పాళ్ళు వచ్చుననియు తేల్చిరి. మూడు పాళ్ళ భేదమును అత్తగారి కన్ను కూడ పట్టలేదు. పట్టినను చెప్పలేదేమో!

తరువాత చుట్టుకొలత. అత్తగారి పాదము వ్రేళ్ళ మొదట ఎనిమిదిన్నర అంగుళములు. మేజోడు కాలికంటె నించుక చిన్నదైననే జాఱక నిలుచును; 64 కుట్లు, అనగా 8 అంగుళములు చాలునని నిశ్చయించితిమి. ముగ్గు పట్టీకి ఈ లెక్క పనికిరాదు. రెండు రంగుల అల్లిక సాగదు. సాగనిది మడమ మీదుగా ఎక్కదు. ఎక్కినను సాయంకాలమున వాచు కాలిని నొక్కును. ఆ పట్టీకి 80 కుట్లు వేసితిమి; తొమ్మిది అంగుళములకు కొంచెము తక్కువ. పువ్వునకు 13 కుట్లు, ఎడమునకు 3, మొత్తము 16. ఐదు పదునాఱులు ఎనుబది. చీలమండ చుట్టును ఐదు పువ్వులు సరిగా కూర్చున్నవి. పద్యపాదమున గణములు కుదిరినప్పుడు కలుగు సంతోషమే యిక్కడను కలిగినది. ఒక్క కుట్టు హెచ్చినను గణభంగమే.

తేలు దారము ఐదు కుట్లకు మించరాదని నియమము పెట్టుకొంటిమి, అది అరంగుళముకంటె నెక్కువ. నడుమ వరుసలలో బాధ లేదు. పువ్వు కొనలకు పోయినకొలది, 4 చుక్కల వరుసలో పువ్వునకు పువ్వునకు నడుమ 9 కుట్లు తెల్లగా మిగులును. వెనుక నీలిదారము అంత పొడవు తేలును. అత్తగారికి ఈ మాట చెప్పగా, "వాకిట్లో పెద్దముగ్గుకీ పెద్దముగ్గుకీ మధ్య ఊరికే వదిలేస్తామా? చిన్న చుక్క పెట్టు" అనిరి. పెట్టితిమి. 9 కుట్ల యెడము 4, 1, 4 అయినది. 5 చుక్కల వరుసలోని 7 కుట్ల యెడము 3, 1, 3 అయినది. వాకిటి మర్యాద మేజోటికి కూడ మర్యాదయైనది.

దారము నూటికి 75 పాళ్ళు ఊలు, 25 పాళ్ళు నైలాను. 100 గ్రాముల ఉండలో 400 మీటర్ల దారము. నూలు మంచిది కాదా యని కొందఱడిగిరి. నూలు సాగదు, చెమ్మను పట్టియుంచును. ఊలు సాగి మరల దగ్గఱకు వచ్చును, కొంత చెమ్మను పీల్చినను తడిగా తోపదు. నైలాను అరుగుదలకు. నీలి దారము స్వల్పము చాలును. దానిని ముందుగా నీళ్ళలో నానవేసి రంగు దిగదని చూచుకొంటిమి, తెలుపుమీద నీలము దిగినచో మచ్చ చూచు పనియే చెడును గదా.

అల్లుటలో మొదటి భాగము త్వరగా సాగినది. పైయంచునకు 64 కుట్లు రెండు పుల్లలను కలిపి పట్టుకొని వదులుగా ఎక్కించి, రెండు సూటి, రెండు తిరుగు కుట్లతో గాడులుగా అల్లితిమి. రబ్బరు లేదు. ఒక వరుసలో నాలుగు కుట్లకొక కుట్టు పెంచగా 80 అయినవి. ముగ్గు ముగిసిన పిదప ఐదింటిని నాలుగు చేయుచు మరల 64నకు వచ్చితిమి. గుండ్రముగా అల్లునప్పుడు ఒక చుట్టు ముగిసి మఱియొకటి మొదలగు చోట రంగు మెట్టు పడును. ఆ చోటును పిక్క వెనుకకు, రెండు పువ్వుల నడిమి యెడములోనికి తెచ్చినచో ఎవరికిని కనబడదు.

మడమ మాత్రము వింత. అంతవఱకు గొట్టముగా వచ్చినదానిలో సగము కుట్లు, 32, విడిగా తీసికొని 32 వరుసల పలక అల్లవలెను. పిదప ఆ పలక కొనను, నడిమి కుట్లకంటె కొంచెము దాటి వెనుకకు మఱలి, మరల కొంచెము దాటి వెనుకకు మఱలి, ప్రతిమఱలింపునను రెండు కుట్ల నొకటి చేయుచు పోగా, సమముగానున్న గుడ్డ గిన్నెవలె వంగును. 32 కుట్లు 18 అగును. పుస్తకమున చదివినప్పుడు ఇది మాకు నమ్మశక్యము కాలేదు. చేతిలో వంగుచుండగా చూచియు నమ్మశక్యము కాలేదు. పలక ప్రక్కలనుండి 16, 16 కుట్లు ఎత్తి, ముందరి 32తో కలిపిన 82. చుట్టు విడిచి చుట్టు రెండేసి తగ్గించుచు 64నకు దిగుదుము. ఈ పలకను కొందఱు గట్టులు తేలునట్లు దిట్టముగా అల్లుదురు. తిమ్మిరి మడమకు అది వలదని నునుపుగానే అల్లితిమి.

అత్తగారికి ఈలోపల నొక కోరిక పుట్టినది. బొటనవ్రేలు వేఱుగా నుండునట్లు అల్లినచో వ్రేలిపట్టీ చెప్పులు తొడుగుకొనవచ్చును గదా! కోరిక వింతది కాదు. ఈజిప్టులోనే ఆక్సిరింకసు అను చోట దొఱకి, ఇప్పుడు లండను నగరపు విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్న ఎఱ్ఱ ఊలు మేజోళ్ళు సరిగా ఇట్టివే. అవి క్రీ.శ. 3-5 శతాబ్దుల నాటివి, ఒంటిసూది పనితనముతో చేసినవి. చెప్పులతో తొడుగుటకు వ్రేళ్ళవద్ద చీల్చియున్నవి. ఆ బొమ్మను ఆమెకు చూపితిమి కూడ. కాని వ్రేళ్ళ నడుమ పట్టీ ఒరసిన ఆ ఒరపిడి ఆమెకు తెలియదు గనుక అట్టి చెప్పులే కూడవని వైద్యుని మాట. మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు అడుగు, మడమ వెనుక పట్టీ గల జోడు ఇంటికొఱకే వేఱుగా తెప్పించి, ఒట్టి మేజోళ్ళతో గచ్చుమీద నడువరాదని నిర్ణయించుకొంటిమి, జాఱుదురు. దేవుని గదిలోనికి మాత్రము చెప్పులు లేక, మేజోళ్ళతో, మా చేయి పట్టుకొని వత్తురు. ఇది ఆమె పెట్టిన షరతు, దీనికి మేము తల యొగ్గితిమి.

వ్రేళ్ళకొన చివరి పని. చుట్టు విడిచి చుట్టు నాలుగేసి కుట్లు తగ్గించుచు 24 కుట్లు మిగిలినప్పుడు, 12 పైన, 12 క్రింద ఎదురెదురుగా పట్టి, మొద్దుసూదిలోని దారముతో క్రొత్త వరుస అల్లినట్లే కుట్టునకు కుట్టు కలుపవలెను. లాగి బిగించినచో గట్టు లేచును. మేము ప్రతి కుట్టునకు ఆగి, వ్రేలితో తడవి చూచి, మా చిన్నదాని చేతను కన్నులు మూయించి తడిమించితిమి. అతుకెక్కడో అది చెప్పలేకపోయినది.

మొదటి మేజోటికి పదునెనిమిది రాత్రులు, రెండవదానికి పదునొకండు. తొడుగుటకు నొక పద్ధతి కావలెను: పైభాగమంతయు మడమవఱకు కుచ్చెత్తి పట్టుకొని వ్రేళ్ళను నేరుగా తెల్లభాగములోనికి పంపవలెను, ముగ్గు వెనుకనున్న దారములను వ్రేళ్ళు తాకరాదు. ఈ కొలువు చిన్నది తీసికొన్నది. రాత్రి విప్పినప్పుడు మేజోటిని తిరగవేసి దీపమునకు చూపు కొలువును దానిదే.

కార్తికమాసమున నొకరాత్రి ఎడమ మేజోటి అరికాలిమీద మిరియపుగింజంత గోధుమరంగు మచ్చ కనబడినది. పాదమును చూడగా చిటికెనవ్రేలి మొదట చర్మము చిట్లి చెమ్మ కాఱుచున్నది. అత్తగారికి ఏమియు తెలియదు. మఱునాటి యుదయముననే వైద్యునియొద్దకు కొనిపోతిమి. పైపై గాయమే గనుక కట్టు కట్టి పంపెను. తొమ్మిది దినములలో మానినది. రెండు నెలలు పట్టిన మాఘమాసపు పుండును తలచికొని మావారు ఆ మచ్చగల మేజోటిని చాలసేపు చేతిలో పట్టుకొని కూర్చుండిరి.

ఒక జత ఉదుకుటకు వేసిన దినమున రెండవది కావలెను గదా. మొన్న అత్తగారు తామే గళ్ళకాగితమడిగి తీసికొని, కండ్లద్దములు సవరించుకొని చుక్కలు పెట్టిరి. ఈసారి "9 చుక్కలు, 5 వచ్చువఱకు, సందు చుక్క." 9 చుక్కలకు 17 కుట్లు పట్టును, 16లో ఇముడదని చెప్పితిమి. "అయిదు పువ్వులెందుకు, నాలుగు చాలవూ?" అనిరి. 17నకు మూడు కుట్ల యెడము కలుపగా 20; నాలుగు ఇరువదులు ఎనుబది. పాదమునకు ఇరువది చొప్పున నాలుగు పాదములు, ఉత్పలమాల లెక్క సరిపోయినదని మేము నవ్వుచు చెప్పితిమి. ఆమె తల యెత్తక, "కలువపేరు కూడా కాళ్ళ దగ్గర వద్దు, లెక్క మాత్రం ఉంచు" అని నడుమనున్న తొమ్మిదవ చుక్క పెట్టిరి.